బరోక్ బృందగానంలో గాయకుల సంఖ్య

యూరప్ సంగీత చరిత్రలో సుమారు 1600 నుంచి 1750 వరకు సాగిన కాలం బరోక్ యుగం. ఆనాటి బృందగాన రచనలను పెద్ద గాయక బృందాలతో పాడించడం తరువాతి శతాబ్దాల అలవాటు. అవి పుట్టిన చోట పాడినవారు తరచూ కొద్దిమందే. ఎంతమంది పాడాలో స్వరకర్తలు సాధారణంగా రాసిపెట్టేవారు కాదు. అందువల్ల చేతిరాత స్వరప్రతులు, జీతాల పద్దులు, లేఖలే చరిత్రకారులకు ఆధారం.

బాఖ్: లైప్‌జిగ్ వివాదం

యోహాన్ సెబాస్టియన్ బాఖ్ 1723 నుంచి 1750లో మరణించేవరకు లైప్‌జిగ్‌లో చర్చి సంగీతాన్ని నిర్వహించాడు. 1730 ఆగస్టు 23న నగర సభకు ఒక వినతిపత్రం ఇచ్చాడు. సోప్రానో, ఆల్టో, టెనర్, బాస్ గాత్రాలకు ముగ్గురేసి చొప్పున ఒక్కో బృందానికి కనీసం 12 మంది కావాలనీ, నలుగురేసి ఉంటే మరీ మంచిదనీ అందులో కోరాడు. ఎవరికైనా జబ్బు చేస్తే పని ఆగకూడదన్నది ఆయన చెప్పిన కారణాల్లో ఒకటి. చేతికింద ఉన్న విద్యార్థుల్లో పనికొచ్చేవారు 17 మందేనని కూడా వాపోయాడు.

1981లో అమెరికన్ సంగీతజ్ఞుడు జాషువా రిఫ్‌కిన్ ఈ పత్రాన్ని మరోలా చదివాడు. ఆ 12 మంది ఒకేసారి పాడేవారు కారనీ, అవసరాన్నిబట్టి ఎంచుకోవడానికి ఉంచుకున్న జాబితా అనీ ఆయన వాదం. బాఖ్ కాంటాటాల్లో (గాత్రాలు, వాద్యాల కోసం రాసిన రచనల్లో) చాలావాటికి ఒక్కో గాత్రానికి ఒక్క ప్రతే మిగిలింది. ఏకగానాలూ కోరస్ భాగాలూ రెండూ అందులోనే ఉంటాయి. అంటే ఏకగానాలు పాడిన నలుగురే కోరస్ కూడా పాడారని ఆయన తీర్మానం. వీరిని కాన్సర్టిస్టులు అంటారు. వారికి బలంగా చేరేవారు రిపియెనిస్టులు. ‘సెయింట్ జాన్ పాషన్’కు వీరి కోసం విడిగా రాసిన ప్రతులు దొరికాయి.

ఒకే ప్రతిని ఇద్దరు ముగ్గురు కలిసి చూసి పాడి ఉండవచ్చని ప్రత్యర్థుల వాదం. సంగీత నిర్వాహకుడు టోన్ కోప్‌మన్ ఈ పక్షంవాడు. మరో నిర్వాహకుడు ఆండ్రూ ప్యారట్ 2000లో వెలువరించిన గ్రంథంలో రిఫ్‌కిన్‌ను సమర్థించాడు.

హాండెల్: లెక్కలు చెప్పే సాక్ష్యం

లండన్ ఫౌండ్లింగ్ ఆసుపత్రిలో 1754లో జరిగిన హాండెల్ రచన ‘మెస్సీయ’ ప్రదర్శన ఖర్చుల పద్దు నేటికీ ఉంది. కోరస్‌లో ఆరుగురు బాలురతో కలిపి సుమారు 20 మంది. వాద్యకారులు దాదాపు 40 మంది. ఏకగాయకులు ఐదుగురు కోరస్‌తో గొంతు కలిపినా, వాద్యకారుల సంఖ్యే ఎక్కువ.

వైభవ సందర్భాలు

చిన్న బృందమే ఎల్లెడలా నియమం కాదు. 1682లో సాల్జ్‌బర్గ్ కెథడ్రల్ కోసం స్వరకర్త బీబర్ రాసినట్లు భావించే ‘మిస్సా సాలిస్‌బుర్గెన్‌సిస్’లో 53 భాగాలున్నాయి. అయితే వాటిలో గాత్రభాగాలు 16 మాత్రమే. మిగిలిన ఆర్భాటమంతా వాద్యాలది.

సంఖ్య పెరిగిన తీరు

హాండెల్ స్మారకంగా 1784లో వెస్ట్‌మినిస్టర్ ఆబేలో జరిగిన ఉత్సవంలో 500 మందికి పైగా కళాకారులు పాల్గొన్నారు. 1857లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో గాయకులే సుమారు 2,000 మంది. 1829లో స్వరకర్త మెండెల్సన్ బెర్లిన్‌లో బాఖ్ ‘సెయింట్ మాథ్యూ పాషన్’ను తిరిగి వినిపించింది కూడా పెద్ద బృందంతోనే. ఔత్సాహిక గాయక సంఘాలు పెరిగిన కొద్దీ ఈ భారీతనమే సంప్రదాయంగా స్థిరపడింది.

నేడు చిన్న బృందం, పెద్ద బృందం అనే రెండు పద్ధతులూ వాడుకలో ఉన్నాయి. గాత్రానికి ఒక్కరే పాడితే ఓబో, ఫ్లూట్ వంటి వాద్యాలు గొంతుతో సమానంగా వినిపిస్తాయి. గాయకులు పెరిగితే కోరస్ గాంభీర్యం ముందుకొచ్చి, అవి వెనక్కి తగ్గుతాయి.