క్లైడ్ బొమ్మ పడవ, దాని పొగ

రాయచూరు దగ్గర శక్తినగర్‌లో పెరిగినవాళ్ళకు పొగగొట్టం అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. కృష్ణ ఒడ్డున 1985లో ఒక్క యూనిట్‌తో మొదలైన థర్మల్ కేంద్రం ఎనిమిది యూనిట్లకు, 1,720 మెగావాట్లకు పెరిగింది. సింగరేణి నుంచి బొగ్గు వ్యాగన్లు వస్తాయి, బూడిద బయటికి పోతుంది, ఆకాశంలో పొగ గీత మాత్రం అలాగే ఉంటుంది. నేను ఆ ఊరివాణ్ణి. ఇప్పుడు ఉంటున్నది గ్లాస్గోలో. ఇక్కడ బొగ్గు పొగ కంటికి కనపడదు. స్కాట్లండ్‌లో ఆఖరి బొగ్గు విద్యుత్ కేంద్రం లాంగానెట్ 2016 మార్చిలో మూతపడింది. మొత్తం బ్రిటన్‌లో ఆఖరిదైన రాట్‌క్లిఫ్‌ను 2024 సెప్టెంబరు 30న ఆపేశారు.

అయినా సెలవురోజు పొద్దున ఏ పార్కు చెరువు దగ్గరికో వెళ్ళండి. రిటైరైన ఫిట్టర్లు, ఇంజినీర్లు మోకాళ్ళ మీద కూర్చుని, మూరెడు పడవల పొగగొట్టాల్లోంచి పొగ రప్పించడానికి తంటాలు పడుతుంటారు. పుస్తకాలు చదివి తెలుసుకున్న దానికంటే, ఆ పొగ నా చేతులతో చేయబోయినప్పుడే ఈ దేశ చరిత్ర నాకు బాగా తలకెక్కింది. అందుకే ఇది రాస్తున్నాను.

అసలు ఈ చరిత్ర మొదలైందే ఒక బొమ్మతో. గ్లాస్గో యూనివర్సిటీలో పాఠాలు చెప్పడానికి న్యూకొమెన్ ఆవిరి ఇంజిన్ నమూనా ఒకటి ఉండేది. అది సరిగా నడిచేది కాదు. 1763 చలికాలంలో దాన్ని బాగుచేయమని యూనివర్సిటీ పనిముట్ల తయారీదారు జేమ్స్ వాట్‌కు ఇచ్చారు. గొట్టంలోకి ఆవిరి రావడం, దాన్ని చన్నీళ్ళతో చల్లార్చడం, మళ్ళీ అదే గొట్టాన్ని వేడెక్కించడం, ఇలా ప్రతి ఊపుకూ ఆవిరిలో చాలా భాగం వృథా అవుతోందని ఆయన గమనించాడు. 1765లో గ్లాస్గో గ్రీన్ మైదానంలో నడుస్తుండగా ఉపాయం తట్టింది: ఆవిరిని చల్లార్చే పనిని వేరే పాత్రలో చేయాలి. అదే కండెన్సర్. ఆ నమూనా ఈ ఊరి హంటేరియన్ మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. చూడటానికి చిన్నదే. దాని ముందు నిలబడితే మాత్రం కాళ్ళు కదలవు.

తర్వాతి అడుగు నీటి మీద. ఈ దేశపు నడుముకు అడ్డంగా, తూర్పు సముద్రాన్నీ పడమటి సముద్రాన్నీ కలుపుతూ 1790లో ఫోర్త్-క్లైడ్ కాలువ పూర్తయింది. పడవలను గుర్రాలు గట్టు మీదనుంచి లాగేవి. 1803 మార్చిలో విలియం సైమింగ్టన్ తయారుచేసిన షార్లెట్ డండాస్ అనే ఆవిరి పడవ, ఒక్కోటి 70 టన్నుల పడవలు రెండింటిని లాక్కుంటూ ఆ కాలువలో సుమారు 30 కిలోమీటర్లు వెళ్ళింది. అలలకు గట్లు కోసుకుపోతాయని కాలువవాళ్ళు భయపడి వద్దన్నారు. 1812లో హెన్రీ బెల్ ఆవిరి పడవ కామెట్ వచ్చి, క్లైడ్ నదిలో టికెట్టు తీసుకుని జనాన్ని ఎక్కించుకుంది. కాలువలో ఆవిరి పడవ నిలదొక్కుకోవడానికి 1856 దాకా పట్టింది. ఆ ఏడాది థామస్ అనే ఇనుప పడవకు ఇంజిన్ పెట్టి నడిపారు. దాని సంతతే పఫర్లు.

నేను చేసిన నమూనా పఫర్‌దే. మన కృష్ణ మీది కురువపురం రేవులో పుట్టిని చూసినవాళ్ళకు ఈ పడవ మీద వెంటనే మమకారం పుడుతుంది, ఎందుకంటే ఇదీ అడుగు బల్లపరుపుగా ఉండి, రేవు లేని చోటికి పోయే పడవే. కాలువ లాకుల్లో పట్టాలి కాబట్టి పొడవు 66 అడుగులు దాటేది కాదు. ముగ్గురో నలుగురో మనుషులు. పోటు మీద ద్వీపం ఒడ్డుకు వచ్చి, ఆటు తీసేసరికి ఇసుక మీద కూర్చుండిపోయేది. గుర్రపు బండ్లు పక్కకు వచ్చేవి, బొగ్గు దించుకునేవి. మళ్ళీ పోటుకు తేలి వెళ్ళిపోయేది. పడమటి ద్వీపాల్లో బొగ్గు పొయ్యి వెలగాలంటే ఈ పడవ రావాల్సి ఉండేది.

ఇక పొగ సంగతి. కాలువలో తిరిగే పఫర్‌కు కండెన్సర్ లేదు. ఆవిరిని చల్లార్చి మళ్ళీ నీళ్ళుగా వాడుకోవాల్సిన అవసరం సముద్రంలో ఉంటుంది, ఉప్పునీళ్ళు బాయిలర్‌ను తినేస్తాయి కనుక. కాలువలో చుట్టూ మంచినీళ్ళే. అందుకని పనైపోయిన ఆవిరిని నేరుగా పొగగొట్టంలోకి వదిలేసేవారు. ఇంజిన్ ఒక్కో ఊపుకు ఒక్కో తెల్లని ముద్ద పైకి ఎగిరేది. పఫ్, పఫ్ అనే ఆ చప్పుడుకే ఆ పేరు. మన రైలింజన్ ఛుక్‌ఛుక్ కూడా ఇదే కిటుకు: వదిలిన ఆవిరి పొగగొట్టంలో పైకి తన్నుకుపోతూ మంటకు గాలి లాగుతుంది. బొంబాయి లైనూ మద్రాసు లైనూ 1871లో కలిసింది మన రాయచూరులోనే. ఆ పట్టాల మీద తర్వాతి కాలంలో తిరిగిన ఇంజిన్లలో ఎన్నో గ్లాస్గో స్ప్రింగ్‌బర్న్ కార్ఖానాల్లో తయారైనవి. సముద్రానికి పోయే పఫర్లకు తర్వాత కండెన్సర్లు వచ్చాయి, ముద్దలు ఆగిపోయాయి. కాబట్టి నమూనా చేసేవాడు ముందు తేల్చుకోవాల్సింది ఇదే: నా పడవ కాలువదా, సముద్రానిదా? పొగ ముద్దలుగా రావాలా, సన్నగా ఆగకుండా రావాలా?

నాది కాలువ పడవ. ఆవిరి కోసం గదిలో తేమ పెంచే యంత్రంలో ఉండే పీజో బిళ్ళ వాడాను. 20 మిల్లీమీటర్ల బిళ్ళ, 24 వోల్టుల కరెంటు, సెకనుకు సుమారు 17 లక్షల కంపనాలు. నీళ్ళు చిట్లి మంచులాంటి తుంపర లేస్తుంది. వేడి ఉండదు. నిజానికి అసలు ఆవిరి కంటికి కనపడదు, ఇడ్లీపాత్ర మీద మనం చూసే తెలుపు కూడా నీటి తుంపరే. అందుకే ఈ పద్ధతి నాకు నిజాయితీగా అనిపిస్తుంది.

చిక్కంతా పడవ ఊగడంతోనే. బిళ్ళ మీద నీళ్ళు రెండు మూడు సెంటీమీటర్ల లోతున నిలకడగా ఉండాలి. ఎక్కువైతే తుంపర తగ్గుతుంది, తగ్గి బిళ్ళ తేలిందా, క్షణాల్లో కాలిపోతుంది. అందుకని డబ్బాలో అడ్డుపలకలు పెట్టి నీళ్ళు పక్కకు పొర్లకుండా చేశాను. పంపునీళ్ళు పోస్తే లవణాలు తెల్లపొడిగా డెక్‌కు అంటుకుంటాయి, బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ మేలు. చల్లని తుంపర గాలికంటే బరువు, దానంతట అది పైకి లేవదు. ఒక చిన్న కంప్యూటర్ ఫ్యాన్ డబ్బాలోకి గాలి ఊదాలి. ఫ్యాన్ ఊదే వైపే ఉండాలి, తుంపర వెళ్ళే దారిలో పెడితే తడిసి పాడవుతుంది. పొగగొట్టం లోపలి పైపు వెడల్పుగా, వంకర లేకుండా ఉంటే, అందులో పట్టిన చెమ్మ తిరిగి డబ్బాలోకే జారుతుంది. ముద్దల కోసం ఫ్యాన్‌ను ఆపి ఆపి నడిపితే లాభం లేదు, రెక్కలు వెంటనే ఆగవు. పైపులో చిన్న రేకు తలుపు పెట్టి, మోటారు ఇరుసుకు పళ్ళచక్రాలతో కలిపాను. పడవ జోరందుకుంటే ముద్దలూ జోరందుకుంటాయి. ఆ రెండూ కలిసిన క్షణం చెరువు గట్టు మీద ఉన్న ముసలాయన ఒకాయన టోపీ తీశాడు.

నిక్రోమ్ తీగ చుట్టిన వత్తికి గ్లిజరిన్ ద్రవమో, పలచని పారాఫిన్ నూనో తాగించి కాల్చే పద్ధతీ ఉంది. పొగ దట్టంగా వస్తుంది, అసలు పొగలాగే తేలుతుంది. కానీ ద్రవం అయిపోతే వత్తి మాడుతుంది, నూనె జిడ్డు చెరువులో పడుతుంది, పీల్చడం మంచిది కాదు. పిల్లలున్న ఇంట్లో ఇది చేయొద్దని గట్టిగా చెబుతాను.

ఇంకో మాట. చాలా నమూనాల్లో నల్లటి పొగ బుసబుసా వస్తుంటుంది. అది తప్పు. నల్లపొగ అంటే బొగ్గు సరిగా మండలేదని, బొగ్గు వేసేవాడికి పని రాదని. పనిమంతుడి చేతిలో పొగగొట్టం మీద సన్నటి జీర తప్ప ఏమీ కనపడదు. ఊళ్ళ మీది పొగ సంగతి వేరు. 1952 డిసెంబరులో లండన్‌ను కమ్మిన పొగమంచు ఆ రోజుల్లో వేసిన లెక్క ప్రకారమే సుమారు 4,000 మందిని చంపింది, తర్వాతి అంచనాలు 12,000 దాకా వెళ్ళాయి. 1956లో, అంటే రాయచూరు హైదరాబాదును వదిలి మైసూరు రాష్ట్రంలో కలిసిన ఏడాదే, ఇక్కడ స్వచ్ఛమైన గాలి చట్టం వచ్చింది. శక్తినగర్ బూడిద పీల్చినవాడిగా ఆ చట్టం అంటే నాకు గౌరవం. అంతమంది పోయాక గాని రాలేదన్న బాధా ఉంది.

పెద్ద స్టీమర్లలో ఆ బొగ్గు వేసినవాళ్ళలో ఎంతోమంది మన దేశస్థులే. ఆగ్‌వాలాలు అనేవారు వాళ్ళను. ఆ ఓడల్లో ఎక్కినవాళ్ళలో తెలుగువాళ్ళున్నారు. 1856లో విలియం మెకినన్ స్థాపించిన కంపెనీ తర్వాత బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ అయింది. దాని ఓడలెన్నో క్లైడ్ ఒడ్డున డంబార్టన్‌లో డెన్నీ యార్డులో కట్టినవి. ఆ యార్డు 1883లో కట్టిన నమూనా పరీక్ష తొట్టి ఇప్పుడు మ్యూజియం. కొత్త ఓడ రూపాన్ని మైనంతో చెక్కి ఆ తొట్టిలో లాగి చూసేవారు. అలా పుట్టిన ఓడలు కాకినాడ, విశాఖ, భీమిలి రేవుల్లో కూలీలను ఎక్కించుకుని రంగూన్‌కు చేర్చాయి. వాళ్ళు రైస్ మిల్లుల్లో, రేవుల్లో పనిచేశారు. బర్మా నదిలో తిరిగిన ఇరావతి ఫ్లొటిల్లా కూడా గ్లాస్గో కంపెనీయే, ఒకప్పుడు 600కు పైగా పడవలు ఉండేవి. 1942లో జపాను సేన వస్తుంటే చాలా పడవలను తామే ముంచేసుకున్నారు. మనవాళ్ళలో వేలమంది కాలినడకన కొండలు దాటారు.

ఇక్కడి చెరువుల్లో రంగూన్ ఓడ నమూనా ఒక్కటీ నాకు కనపడలేదు. అందుకే ఇప్పుడు అది మొదలుపెట్టాను. నల్ల పొగగొట్టం, మీద రెండు తెల్ల పట్టీలు. కండెన్సర్ ఉన్న ఓడ కనుక రేకు తలుపు అక్కర్లేదు, ఫ్యాన్ నెమ్మదిగా, ఆగకుండా తిరిగితే చాలు. పొగ తేలికే. డెక్ మీది మనుషులే కష్టం. కంపెనీ ప్లాన్లలో కేబిన్లున్నాయి, కుర్చీలున్నాయి, డెక్ టికెట్టువాళ్ళ చోట ఖాళీ కాగితం ఉంది. వాళ్ళు బిందెలు ఎక్కడ పెట్టుకున్నారు, ఎక్కడ వండుకున్నారు, ఎండకు ఏం కప్పుకున్నారు? మీ ఇళ్ళలో రంగూన్ వెళ్ళొచ్చిన తాతల ముచ్చట్లు ఎవరైనా చెప్పుకుంటుంటే, ఆ మూడు సంగతులు అడిగి నాకు రాయండి.