డాంగిల్ ఎమ్యులేటర్, డ్రైవర్ సంతకం: ఏమిటి, ఎందుకు?

డాంగిల్ అంటే కంప్యూటర్‌కు తగిలించే చిన్న తాళం. సాఫ్ట్‌వేర్ కొన్నవాళ్లే దాన్ని వాడాలని కంపెనీలు ఇస్తాయి. ఒకప్పుడు ప్రింటర్ పోర్టుకు పెట్టేవారు, తర్వాత యుఎస్‌బీకి మారింది. 1994లో వచ్చిన ఉర్దూ డీటీపీ సాఫ్ట్‌వేర్ ఇన్‌పేజ్‌కు కూడా ఇలాంటి తాళం ఉండేది.

ఎలా పనిచేస్తుంది?

ప్రోగ్రామ్ తెరవగానే డాంగిల్‌కు ఒక సంఖ్య పంపుతుంది. లోపలి చిప్ తన రహస్య కీతో దాన్ని మార్చి జవాబిస్తుంది. జవాబు సరిపోతేనే పని మొదలవుతుంది. ఈ రెండింటి మధ్య మాటలు మోసేది డ్రైవర్. డాంగిల్ లేకపోయినా ఉన్నట్టు ప్రోగ్రామ్‌ను నమ్మించేదే ఎమ్యులేటర్. ఇది కూడా చాలావరకు డ్రైవర్ రూపంలోనే వస్తుంది.

సంతకం ఎందుకు?

ఇలాంటి డ్రైవర్లు సిస్టమ్ గుండెకాయ లాంటి కెర్నెల్‌లో నడుస్తాయి. అక్కడ చేరిన చెడ్డ ప్రోగ్రామ్ ఏ ఫైలైనా చదవగలదు, యాంటీవైరస్‌ను ఆపేయగలదు. అందుకే 64-బిట్ విండోస్ విస్టా నుంచి కెర్నెల్ డ్రైవర్‌కు డిజిటల్ సంతకం తప్పనిసరి అయింది. 2016లో వచ్చిన విండోస్ 10 1607 వెర్షన్ నుంచి, కొత్తగా ఇన్‌స్టాల్ చేసి సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్న పీసీల్లో, కొత్త డ్రైవర్లకు మైక్రోసాఫ్ట్ సంతకమే కావాలి. అది లేకపోతే డివైస్ మేనేజర్‌లో 'కోడ్ 52' కనిపిస్తుంది. యాపిల్ 2019లో మాక్‌ఓఎస్ కాటలీనాతో డ్రైవర్లను కెర్నెల్ బయటకు పంపడం మొదలుపెట్టింది. సెక్యూర్ బూట్ ఉంటే చాలా లినక్స్ వెర్షన్లు కూడా సంతకం లేని మాడ్యూల్‌ను రానివ్వవు.

అసలు ప్రమాదం

ఎమ్యులేటర్ ఇచ్చేవాళ్లు ముందు సెక్యూర్ బూట్ తీసేయమని, 'టెస్ట్ మోడ్' పెట్టమని చెబుతారు. అలా చేస్తే తలుపు ఆ ఒక్క డ్రైవర్‌కే తెరుచుకోదు, ఎవరి డ్రైవరైనా లోపలికి వచ్చేస్తుంది. అదే పీసీలో బ్యాంకు పనులు, కస్టమర్ల ఫైళ్లు ఉంటే నష్టం తాళం ఖరీదుతో పోదు.

మరి ఏం చేయాలి?

డాంగిల్ చేతిలో ఉంటే ముందుగా ఆ కంపెనీ నుంచి సంతకం ఉన్న కొత్త డ్రైవర్ తీసుకోవాలి. దొరక్కపోతే ఇంటర్నెట్ లేని పాత పీసీలో గానీ, డాంగిల్‌ను కలిపిన వర్చువల్ మెషీన్‌లో గానీ పని కానివ్వొచ్చు. డాంగిల్ పాడైతే బిల్లు చూపి మార్పించమని అడగాలి. పాత ఫైళ్లను ఇప్పుడే పీడీఎఫ్, యూనికోడ్‌లోకి మార్చుకుంటే మేలు.

హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో ఇలాంటి రక్షణను ఛేదిస్తే, 2012లో సవరించిన కాపీరైట్ చట్టం 65ఏ సెక్షన్ కింద 2 ఏళ్ల వరకు జైలు, జరిమానా ఉంటాయి.