ఉక్కుపై వేడి పూయు రంగులు

మోటారు సైకిలు కొన్న కొన్ని నెలలకు ఇంజనునుండి వంగి క్రిందికి దిగు పొగగొట్టమును చూడుడు. కొన్నప్పుడు అద్దమువలె మెరసిన ఆ వంపు మొదట లేత బంగారు రంగునకు తిరుగును. పిదప ఊదా, ఆపైన నీలము. ఇంజనుకు దగ్గరనున్న భాగము నీలముగాను, దూరమైన కొలది ఊదా, గోధుమ, పసుపు వన్నెలుగాను వరుసగా కనబడును. యజమానికి ఇది కంటగింపు. గుడ్డతో రుద్దును, సబ్బుతో కడుగును, చివరకు ఇత్తడి చెంబునకు వలె చింతపండు కూడ పట్టించును. రంగు కదలదు. ఈ మొండి రంగు ఏమిటన్న ప్రశ్నపై శాస్త్రజ్ఞులు రెండువందల యేబది యేండ్లకు పైగా తర్కించిరనియు, ఆ తర్కములో మన చంద్రశేఖర వేంకట రామన్ కూడ పాల్గొనెననియు చాలమందికి తెలియదు.

మోటారు సైకిలు పుట్టుటకు ఎన్నో శతాబ్దములకు ముందే కమ్మరికి ఈ రంగులతో పరిచయము కలదు. ఉక్కును ఎర్రగా కాల్చి నీటిలో ముంచినచో అది మిక్కిలి గట్టిపడును గాని గాజువలె పెళుసగును. దెబ్బ తగిలిన విరిగిపోవును. కావున కమ్మరి దానిపై నలుపును గీకి, మరల మెల్లగా కాచును. శుభ్రమైన ఉక్కుపై రమారమి 220 సెంటీగ్రేడు డిగ్రీలవద్ద లేత గడ్డి రంగు, 260 వద్ద గోధుమ, 280 వద్ద ఊదా, 300 వద్ద నీలము పొడచూపును. మంగలికత్తికి లేత పసుపు చాలును. వడ్రంగి ఉలికి గోధుమ వరకు పోనియ్యవలెను. స్ప్రింగునకు నీలము రావలెను. కోరిన వన్నె రాగానే మరల నీటిలో ముంచును. ఉష్ణమాపకము లేని కాలములో రంగే ఉష్ణమాపకము. కమ్మరికి ఆ రంగు ఎందుచేత వచ్చుచున్నదో తెలియనక్కరలేదు. ఎప్పుడు వచ్చునో తెలిసిన చాలును.

కారణము నడిగిన వారిలో ఇంగ్లండుకు చెందిన రాబర్టు హుక్ మొదటివారిలో ఒకడు. 1665లో వెలువడిన తన 'మైక్రోగ్రాఫియా' గ్రంథములో అభ్రకపు రేకులలోను, ఇతర పలుచని పదార్థములలోను కనబడు రంగులను వర్ణించుచు, కాల్చిన ఉక్కు రంగులను గూడ అతడు ఆ జాబితాలోనే చేర్చెను. ఉక్కు మీద ఏర్పడిన పలుచని పారదర్శకమైన పొరయే వీనికి మూలమని అతని ఊహ. 1704లో ప్రచురితమైన 'ఆప్టిక్స్' లో న్యూటన్ కూడ ఈ రంగులను ప్రస్తావించెను. సబ్బుబుడగను ప్రక్కనుండి చూచినచో రంగు త్వరగా మారును. ఉక్కు మీది రంగు అంతగా మారదు. కావున ఉక్కు మీది పొర నీటికన్న సాంద్రమైనదని అతడు గ్రహించెను. పొరలోని కాంతి రంగులెట్లగునో చెప్పుటకు కావలసిన తరంగ సిద్ధాంతమును మాత్రము అతడు అంగీకరించలేదు. ఆ పని 1801లో థామస్ యంగ్ చేసెను.

యంగ్ చెప్పిన వ్యతికరణ సూత్రమును ఉక్కునకు అన్వయించి చూతము. వేడికి ఇనుము గాలిలోని ఆక్సిజనుతో కలిసి పైన ఆక్సైడు పొర యేర్పడును. కాంతిలో కొంత పొర పైభాగమునుండియు, కొంత పొరను దాటి లోహముపైనుండియు ప్రతిఫలించును. ఈ రెండు కిరణములు కలిసినప్పుడు కొన్ని తరంగములు ఒకదానినొకటి అణచివేయును. పొర పలుచగా నున్నప్పుడు అణగునది పొట్టి తరంగములు గల నీలికాంతి. నీలము పోగా మిగిలినది పసుపుగా కనబడును. పొర కొంచెము మందమెక్కినచో ఆకుపచ్చ అణగి ఊదా తోచును. ఇంకను మందమైనచో పొడవు తరంగములు గల ఎరుపు, పసుపు అణగి నీలము మిగులును. ఇదియే పొగగొట్టముపై మనము చూచు వరుస. పొరలో పసుపు రంగును లేదు, నీలి రంగును లేదు. మందము మాత్రమే ఉన్నది. ఇనుముపై తొలి పసుపునకు పొర మందము సుమారు 46 నానోమీటర్లు, నీలమునకు సుమారు 72 నానోమీటర్లు. మిల్లీమీటరును పదిలక్షల భాగములు చేసినచో ఒక భాగము నానోమీటరు. పసుపునకును నీలమునకును నడుమ భేదమంతయు అందులో ఇరువదియారు భాగములు!

ఇంత చక్కని వివరణ ఉండగా తగవెందుకు వచ్చెను? 1918లో ఆర్నల్ఫ్ మాలక్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు లండను రాయల్ సొసైటీ పత్రికలో ఒక చిక్కు ప్రశ్న లేవదీసెను. పొర మందమే రంగునకు కారణమైనచో, నీలి ఉక్కును మెల్లగా మెరుగు పెట్టుచు పొరను అరగదీసినప్పుడు నీలము ఊదాగాను, ఊదా పసుపుగాను వెనుకకు మారవలెను గదా? అట్లు మారలేదు. నీలము నీలముగానే ఉండి క్రమక్రమముగా వెలసిపోయెను. పాఠకులలో పొగగొట్టమును స్వయముగా రుద్దినవారుండినచో ఈ మాట నిజమని వారే సాక్ష్యము చెప్పగలరు.

ఈ చిక్కు రామన్ ను ఆకర్షించెను. అప్పుడు ఆయన కలకత్తా విశ్వవిద్యాలయములో ఆచార్యుడు. 1921 నాటి ఓడ ప్రయాణములో మధ్యధరా సముద్రపు నీలిమను చూచి, నీటి అణువులు కాంతిని చెదరగొట్టుట గూర్చి ఆలోచించుచున్న రోజులవి. 1922లో 'నేచర్' పత్రికకు ఉక్కు రంగులను గూర్చి ఆయన ఒక లేఖ వ్రాసెను. మాలక్ చూచినది నిజమైనచో సామాన్యమైన పలుచని పొర సిద్ధాంతము చాలదనియు, పొర ఏకముగా గాక అతి సూక్ష్మమైన రేణువుల కూర్పుగా ఉండవచ్చుననియు, ఆ రేణువులవలన కలుగు వివర్తనమే రంగులకు కారణము కావచ్చుననియు ఆయన సూచన. ఈ సూచన నిలువలేదు. అయినను పాఠశాలలో దీనిని చెప్పదగునని నా అభిప్రాయము. ప్రయోగ ఫలితము సిద్ధాంతమునకు అడ్డు వచ్చినప్పుడు, రెండువందల యేండ్ల సిద్ధాంతమును గూడ అనుమానించుటకు ఆయన వెనుదీయలేదు.

సమాధానము కేంబ్రిడ్జినుండి వచ్చెను. లోహములు తుప్పు పట్టుటను జీవితమంతయు పరిశోధించిన యూలిక్ ఇవాన్స్ ఈ పొరలను చేపట్టెను. గుడ్డతో రుద్దుటకు బదులు అతడు విద్యుత్తును వాడెను. రంగు పట్టిన ఇనుమును ఆమ్లములో ఋణధ్రువముగా నిలిపినచో ఆక్సైడు అంతటను సమముగా కరిగిపోవును. అప్పుడు రంగులు తాము వచ్చిన దారినే, తలక్రిందుల వరుసలో, వెనుకకు మరలెను. ఈ విషయమును అతడు 1925లో ప్రకటించెను. మరి రుద్దినప్పుడు ఏల మరలలేదు? రుద్దుట పొరను సమముగా పలుచన చేయదు. గీతలు గీతలుగా, మచ్చలు మచ్చలుగా ఊడదీయును. ఊడినచోట తెల్లని లోహము, ఊడనిచోట పూర్తి మందముగల నీలిపొర. రెండును కంటికి కలగలిసి వెలసిన నీలముగా తోచును. మాలక్ చూచినది తప్పు కాదు. రుద్దుట యనగా ఏమియో ఎవరును సరిగా ఆలోచింపలేదు, అంతే. 1929లో ఇవాన్స్, బానిస్టర్ అనువారు వెండిపై అయొడిను చేసిన పొర మందమును మూడు వేరువేరు పద్ధతులతో కొలిచి సరిపోల్చిరి.

ఇంతకుముందే, 1920లో, జర్మనీలో టామన్ ఈ రంగులను గడియారముగా వాడుకొనెను. రంగును బట్టి పొర మందము, మందమును బట్టి పెరుగుదల వేగము తెలియును. పొర మందమైన కొలది పెరుగుదల మందగించునని అతడు చూపెను. మందము రెట్టింపు కావలెనన్న కాలము నాలుగురెట్లు కావలెను. దీనినుండి మరియొక సంగతి తేలును: రంగు ఉష్ణోగ్రతను మాత్రమే గాక కాలమును గూడ చెప్పును. కమ్మరి కొలిమిలో కొద్ది నిమిషములకు 300 డిగ్రీలవద్ద వచ్చు నీలము, అంతకు తక్కువ వేడిలో ఎక్కువ కాలముంచినను రావచ్చును. గొట్టము నీలమైనంతమాత్రమున ఇంజను ఒకనాడు విపరీతముగా వేడెక్కినదని తీర్పు చెప్పరాదు.

ఇక గొట్టమునకు వత్తము. దానిపై మెరుపు చాలవరకు క్రోమియముది. 1797లో వోక్లాఁ కనుగొన్న ఈ లోహమునకు ఆ పేరు గ్రీకు భాషలో రంగు అను మాటనుండి వచ్చినది. దాని సమ్మేళనములన్నియు రంగురంగులుగా నుండుటయే కారణము. 1920ల నడుమ అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయమునకు చెందిన ఫింక్ మొదలగువారి కృషితో క్రోమియము పూత పరిశ్రమగా ఎదిగెను. పూత యన్న మాటకు ఇక్కడ అర్థము చాల పలుచన. అడుగున నికెలు పూత, దానిపై క్రోమియము సాధారణముగా అరమైక్రాను లోపుగా ఉండును. అనగా నీలిపొర మందమునకు ఏడెనిమిది రెట్లు కూడ నిండదు! ఆశకొద్ది గరుకు పొడితో తోమినచో రంగుతోపాటు క్రోమియమే పోవును. అడుగున ఉన్న నికెలు పసిమి ఛాయతో బయటపడును. ఆ పసిమిని ఏ పాలిషూ తీయలేదు. మరల పూత వేయించవలసినదే. ఆ పూత తొట్టెలలోని క్రోమిక్ ఆమ్లము పనివారి ముక్కును, చర్మమును పుండ్లు పడజేయును. క్యాన్సరు కారకమని కూడ రుజువైనది.

చింతపండు ఏల పనిచేయలేదో ఇప్పుడు తెలియును. ఇత్తడిపై మకిలి రాగి ఆక్సైడు. చింతపండులోని బలహీనమైన ఆమ్లములకు కరుగును. క్రోమియము ఆక్సైడు అట్టి ఆమ్లములకు లొంగదు. దానిని మెల్లగా రాచియే తీయవలెను. గొట్టము పూర్తిగా చల్లారిన పిదప కడిగి ఆరబెట్టి, మెత్తని అల్యూమినా పొడిగల లోహపు పాలిషును గుడ్డతో కొంచెము కొంచెముగా రుద్దవలెను. అల్యూమినా క్రోమియము ఆక్సైడుకన్న కఠినము గనుక పని జరుగును. మెరుపు కనబడగానే ఆపవలెను.

తుప్పుపట్టని ఉక్కు గొట్టముల సంగతి వేరు. 1913లో షెఫీల్డులో హ్యారీ బ్రేర్లీ క్రోమియము కలిపి తీసిన ఉక్కుతో ఈ జాతి ప్రసిద్ధికెక్కెను. వీనిపై రంగులు ఆలస్యముగా వచ్చును: లేత పసుపు 290 డిగ్రీల ప్రాంతమున, నీలము 540 ప్రాంతమున. ఇచ్చట రంగు అందమునకు సంబంధించినది మాత్రమే కాదు. మందమైన పొర అడుగునున్న లోహమునుండి క్రోమియమును లాగుకొనును. క్రోమియము తరిగిన ఆ పలుచని పట్టీ తుప్పునకు లోకువ. అందుచేత కర్మాగారములలో వెల్డింగు రంగులను నత్రికామ్లము, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లము కలిసిన పిండితో తీసివేయుదురు. ఈ రెండవ ఆమ్లము ఇంటిలోగాని పాఠశాలలోగాని తాకదగినది కాదు. చర్మముగుండ దిగి ఎముకలలోని కాల్షియమును పట్టుకొనును. మంట ఆలస్యముగా తెలియును గనుక మరింత ప్రమాదము. గొట్టమునకు పైన చెప్పిన పాలిషే చాలును. ఇనుప పీచుతో మాత్రము తోమరాదు. చిక్కుకొన్న ఇనుప రవ్వలు తరువాత తుప్పు పట్టును.

తరగతిలో చూపుటకు ఇవేవియు అక్కరలేదు. పూత లేని ఇనుపరేకు ముక్కను ఎమెరీ కాగితముతో తెల్లగా రుద్ది, ఒక కొనను పటకారుతో పట్టుకొని రెండవ కొనను స్పిరిటు దీపముపై కాచిన చాలును. కాగిన కొననుండి పసుపు బయలుదేరి ముందుకు నడచును; దానివెనుక గోధుమ, ఊదా, నీలము. చల్లార్చి రుద్దినచో మాలక్ చూచినట్లే నీలము వెలసిపోవును.

తీసిన రంగు గొట్టముపై మరల వచ్చును. వేడి తగ్గనంతవరకు రాక మానదు. గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైన మిశ్రమము, ఆలస్యముగా పడు నిప్పురవ్వ, ఈ రెండును గొట్టములోనికి మంటను అధికముగా పంపును. పూర్వము కార్బ్యురేటరు మరను త్రిప్పి మిశ్రమమును సరిచేయుట మెకానిక్కులకు అలవాటు. 2020 ఏప్రిల్ నుండి మన దేశములో భారత్ స్టేజి-6 నియమములు వచ్చిన తరువాత కొత్త బండ్లలో ఆ పనిని చాలవరకు ఎలక్ట్రానిక్ ఇంజెక్షను చేయుచున్నది. కొందరు తయారీదారులు గొట్టములో గొట్టము పెట్టి నడుమ గాలి వదలుదురు. లోపలి గొట్టము ఎంత నీలమైనను, బయటివారికి కనబడునది వెలుపలి గొట్టపు తెలుపు మాత్రమే.