న్యూయార్కు నగర ప్రసార శిఖరములు

రేడియో మీట త్రిప్పిన తక్షణమే ఇంట సంగీతము వినవచ్చును. ఆ స్వరము ఏ స్తంభాగ్రమునుండి బయలుదేరినదో, ఆ స్తంభమును రేయింబవళ్ళు ఎవరు కనిపెట్టుకొని యున్నారో మనము సాధారణముగ విచారింపము. అది మూగవోయిన నాడు మాత్రమే దాని ఉనికి మనకు తెలియును. న్యూయార్కు నగరవాసులకు ఆ సంగతి 2001వ సంవత్సరమున తెలిసివచ్చినది. కాని ఆ కథ అంతకు 70 ఏండ్లకు పూర్వమే ఆరంభమైనది.

1931 మే 1వ తేదీన ఎంపైర్ స్టేట్ భవనము ప్రారంభింపబడెను. దాని అంతస్తులు 102. ఎత్తు 1,250 అడుగులు. ఆకాశనౌకలను కట్టివేయుటకని దాని కొనయందు ఒక స్తంభమును నిర్మించిరి. అంత యెత్తున వీచు గాలుల తాకిడికి ఏ నౌకయు అచ్చట నిలుకడగ నుండజాలదని త్వరలోనే తేలిపోయెను. నౌకలకు పనికిరాని ఆ కొన ఏరియలుకు పనికివచ్చెను. ఆ సంవత్సరాంతముననే ఆర్.సి.ఏ. సంస్థవారు అచ్చట టెలివిజన్ ప్రయోగములు మొదలిడిరి.

ఏరియలుకు ఎత్తుతో పనియేమి? మధ్యమ తరంగములు భూమి నంటి చాలదూరము పోగలవు; రాత్రివేళ ఆకాశమున ప్రతిఫలించి మరింత దూరము చేరగలవు. టెలివిజనుకును, ఎఫ్.ఎం. ప్రసారమునకును వాడునట్టి మిక్కిలి పొట్టి తరంగములు అట్లు కాదు. అవి వెలుతురువలె ఇంచుమించు తిన్నగ పోవును. భూమి గుండ్రనిది గనుక కొంతదూరము పోయిన పిమ్మట నేల క్రిందికి వంగును, తరంగము పైకి సాగిపోవును. 1,250 అడుగుల ఎత్తున నిలిచి చూచువానికి దిగంతము సుమారు 43 మైళ్ళ దూరమున నుండును. కావున ఏరియలును ఎంత పైకెత్తిన, అంతమంది శ్రోతలు లభింతురు.

ఎఫ్.ఎం. పద్ధతిని సాధించినవాడు ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్. తరంగపు బలమును మార్చుటకు మారుగా దాని పౌనఃపున్యమును మార్చి, ఉరుములు మెరుపులు కలిగించు గరగరధ్వనులు సోకని ప్రసారమును ఆయన సృష్టించెను. 1934 జూన్ నెలలో ఎంపైర్ స్టేట్ 85వ అంతస్తునుండి ఆయన పంపిన సంగీతమును సుమారు 70 మైళ్ళ దూరమున, లాంగ్ ఐలండ్ తీరమునందలి యొక ఇంట నిర్మలముగ వినిరి. అయినను మరుసటి సంవత్సరమే, తమ టెలివిజనుకు తావు కావలెనని, ఆయన యంత్రమును తొలగింపుమని ఆర్.సి.ఏ. వారు కోరిరి.

ఆర్మ్‌స్ట్రాంగ్ నిరాశ చెందలేదు. హడ్సన్ నది ఆవలి యొడ్డున ఆల్పైన్ అనుచోట, కొండకొమ్మున, స్వంత ధనము వెచ్చించి 400 అడుగులకు పైబడిన ఉక్కు గోపురమును 1938 నాటికి నిలిపెను. తదుపరి జీవితము వ్యాజ్యములతో గడచెను. 1954లో ఆయన తన ప్రాణములను తానే తీసికొనెను. గోపురము మాత్రము మిగిలెను.

ఇట ఎంపైర్ స్టేట్ పైన 1950, 51 సంవత్సరములలో 200 అడుగులకు మించిన క్రొత్త స్తంభము లేచెను. పోటీపడు టెలివిజన్ స్టేషనులన్నియు ఒకే స్తంభమును పంచుకొనసాగెను. 1965లో 102వ అంతస్తు కిటికీలకు పైనను క్రిందను ఏరియళ్ళను వలయముగ అమర్చి, పెక్కు ఎఫ్.ఎం. స్టేషనులకు ఒకే ఉమ్మడి ఏరియలు నేర్పరచిరి. ఒకరి ప్రసారము మరియొకరి యంత్రములోనికి చొరబడకుండ నడుమ వడపోత సాధనములను ఉంచవలెను. స్తంభము నెక్కి మరమ్మతు చేయువారికి హాని కలుగకుండ విద్యుచ్ఛక్తిని తగ్గింపవలెను. ఉమ్మడి కాపురమునందు ఇట్టి నియమములు తప్పవు.

1970 ప్రాంతమున ప్రపంచ వాణిజ్య కేంద్రపు జంట సౌధములు అంతకన్న ఎత్తుగ లేచెను. వాటి గోడలకు తగిలి మరలిన తరంగములవలన టెలివిజన్ తెరపై బొమ్మప్రక్కన నీడబొమ్మ కానవచ్చునను ఆందోళన కలిగెను. దానికి పరిష్కారముగ ఉత్తర సౌధముపైననే 360 అడుగుల స్తంభమును నిలిపి, టెలివిజన్ స్టేషనులు క్రమముగ అచ్చటికి తరలెను. క్రొత్త యిల్లు దొరకినప్పుడు పాత యింటికి అద్దె చెల్లించుట వృథావ్యయముగ తోచును గదా! 1993 ఫిబ్రవరిలో ఆ సౌధము క్రింద బాంబు ప్రేలి, పెక్కు స్టేషనులు మూగవోయెను. అది యొక హెచ్చరిక.

2001 సెప్టెంబరు 11న ఆ సౌధమే కూలెను. స్తంభముతోపాటు, ప్రసారయంత్రములకడ పనిలోనున్న ఆరుగురు ఇంజనీర్లు మరణించిరి. నగరము వార్తకై తహతహలాడిన ఆ ఘడియయందే, ఇంటి ఏరియలునే నమ్ముకొన్న వేలాది గృహములలో తెరలు శూన్యమయ్యెను. ఎంపైర్ స్టేట్ పైన రెండవ ఏరియలును విడువక ఉంచుకొన్న డబ్ల్యు.సి.బి.ఎస్. స్టేషను ప్రసారము సాగించెను. ఆ భవనముననే యున్న పెక్కు ఎఫ్.ఎం. స్టేషనులు పలుకుచునే యుండెను.

మిగిలినవారు ఎక్కడికి పోవుదురు? వారిలో పలువురు ఆల్పైన్ గోపురము నాశ్రయించిరి. ఎంపైర్ స్టేట్ నుండి తొలగింపబడిన వ్యక్తి 63 ఏండ్లకు పూర్వము నిలిపిన ఉక్కు, అతడు పోయిన 47 ఏండ్లకు నగరమునకు ఆసరా యయ్యెను. అది అంత ఎత్తైనది కాదు. ప్రసారము అన్ని ఇండ్లకును చేరలేదు. కాని మౌనముకంటె మేలయ్యెను. పిదప స్టేషనులు ఎంపైర్ స్టేట్‌కు మరలెను. 2013లో 1,776 అడుగుల శిఖరమును పూర్తిచేసికొన్న క్రొత్త వాణిజ్య సౌధముపైకి 2017 మొదలు కొన్ని స్టేషనులు తరలసాగెను.

మన దేశమున ఎఫ్.ఎం. ప్రసారము 1977లో మదరాసున మొదలయ్యెను. ఆ నాదమును వినునపుడు ఆర్మ్‌స్ట్రాంగును స్మరించుట న్యాయము. ఎత్తైన ఏరియలు నగరమునకు శోభ. దానిప్రక్కన ఊరక యున్నట్లు తోచు రెండవ ఏరియలు నగరమునకు రక్ష. లెక్కల పుస్తకమున మొదట కొట్టివేయబడునది ఈ రెండవదే. ఆపత్కాలమున జనులు మొదట వెదకునదియు ఇదియే.