పై చదువుకు పైకం ఎవరిచ్చారు?



మొన్న సంగారెడ్డిలో మా పక్కింటావిడ పట్టాదారు పాసుపుస్తకం కొంగులో చుట్టుకుని వచ్చింది. కొడుకు పటాన్‌చెరు ఫ్యాక్టరీలో ఇంజనీరు, అమెరికాలో ఎం.ఎస్. సీటొచ్చింది. "మూడెకరాలున్నది వదినా! కోట్లు పలుకుతదంటున్నరు. బ్యాంకోళ్ళేమో ఈ భూమి మీద అప్పు పుట్టదంటరు. ఇదేం న్యాయం?" అంది. జవాబు చెప్పబోయి పాత కథల్లోకి వెళ్ళిపోయాను. పూర్వం సముద్రాలు దాటే చదువుకు పైకం ఎవరిచ్చేవారు?

మన హైదరాబాదులో ఒకరికి పాలకుడే ఇచ్చాడు. తర్వాత సరోజినీ నాయుడు అయిన సరోజినీ చట్టోపాధ్యాయ పన్నెండో ఏటే మద్రాసు మెట్రిక్యులేషన్ గెలిచింది. నేను పదహారో ఏట గట్టెక్కి అక్కడే ఆగాను, అది వేరే సంగతి లెండి. 1895లో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ప్రత్యేక స్కాలర్‌షిప్పుతో ఆమెను ఇంగ్లండు పంపించాడు. లండనులోనూ కేంబ్రిడ్జిలోనూ చదివి, ఆరోగ్యం సహకరించక, 1898లో డిగ్రీ లేకుండానే తిరిగివచ్చింది. తండ్రి అఘోరనాథ్ ఇక్కడ కాలేజీ నడిపిన పెద్ద విద్యావేత్త. అలాంటి ఇల్లు కానివాళ్ళ మాటేమిటి?

బొంబాయిలో జంషెడ్జీ టాటా 1892లో ఒక నిధి పెట్టాడు. అది దానం కాదు, అప్పు. చదివి, సంపాదించి తిరిగి కట్టాలి. ఆ డబ్బు ఇంకొకరికి పనికొస్తుంది. మొదటి రోజుల్లో దాన్ని అందుకున్నవారిలో లేడీ డాక్టర్లున్నారంటే నాకు భలే ముచ్చటేసింది.

ఇక భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సంగతి. మద్రాసులో వైద్యం చదివి, అమెరికాలో హార్వర్డుకు పోవాలనుకున్నారు. కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తానంది. మిగతాది మామగారు కూడగట్టారు. అల్లుణ్ణి చదివించడం ఆ రోజుల్లో పిల్లనిచ్చినవారి బాధ్యత కాబోలు! అయినా బోస్టనులో డబ్బు చాలక, ఆసుపత్రిలో రాత్రిళ్ళు పోర్టరు పని చేశారు. తర్వాత ఫోలిక్ యాసిడ్ మీదా, క్యాన్సరు మందుల మీదా ఆయన చేసిన పని లోకమంతా ఎరుగును. కాని 1948లో కన్నుమూసేదాకా ఇంటికి మాత్రం రాలేదు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయింది. ఆయన పోయాక పుట్టిన బిడ్డ పసితనంలోనే పోయాడు. మామగారిచ్చిన పైకం లెక్క ఎక్కడో రాసే ఉంటారు. ఈవిడ ఖర్చు ఏ పద్దులోనూ లేదు.

రాజు, ధర్మసంస్థ, మామగారు అయ్యాక మనకు బ్యాంకు వచ్చింది. 2001లో బ్యాంకులన్నీ చదువు అప్పులకు ఒక నమూనా పథకం తెచ్చాయి. నాలుగు లక్షల దాకా తాకట్టు అక్కర్లేదు. దాటితే అప్పట్లో హామీయో ఆస్తియో చూపాల్సి ఉండేది. విదేశమైతే ఖర్చులో నూటికి 15 వంతులు మనమే పెట్టుకోవాల్సి ఉండేది. 2002లో ఇంకో చట్టం వచ్చింది. బాకీ పడితే బ్యాంకు కోర్టుకెక్కకుండానే తాకట్టు ఆస్తి తీసుకోవచ్చు. వ్యవసాయ భూమికి మాత్రం అది వర్తించదు. రైతు పొలం పోగూడదని పెట్టిన నియమం! అందుకే బ్యాంకువాళ్ళు మూడెకరాలకన్నా నూటయాభై గజాల ఇంటిజాగాకే మొగ్గుతారు. రైతును కాచే కంచె రైతుబిడ్డకే అడ్డం పడింది చూశారూ!

తెలంగాణలో తక్కువ ఆదాయం గల దళిత, గిరిజన, బి.సి., మైనారిటీ పిల్లలకు ప్రభుత్వ విదేశీ విద్యానిధులున్నాయి. మా పక్కింటివాళ్ళ ఆదాయం ఆ హద్దు దాటిపోయింది.

తీరా చూస్తే ఆవిడకు పుట్టింటివారు పసుపుకుంకుమ కింద రామచంద్రాపురం దగ్గర ఇచ్చిన జాగా ఉంది. బ్యాంకు దానికి సరేనంది. సంతకం పెట్టెయ్యమని ఇంట్లో అందరూ తొందర. నేను ఒక్కటే చెప్పాను: చదివినన్నాళ్ళూ, ఆపైన ఏడాదీ వాయిదా ఉండదు గాని వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది.

సోమవారం ఇద్దరం బ్యాంకుకు పోతున్నాం. నెలకెంత వడ్డీ పెరుగుతుందో కొడుకు తెలుగులో నోటుబుక్కులో రాసిచ్చాకే సంతకమని ఆవిడ పట్టుబట్టింది. నిన్న రాత్రి వాళ్ళింట్లో చాలాసేపు దీపం వెలుగుతూనే ఉంది.