కన్యాశుల్కం (సినిమా)

కన్యాశుల్కం, గురజాడ అప్పారావు రచించిన ప్రసిద్ధ నాటకం ఆధారంగా 1955లో విడుదలైన తెలుగు సినిమా. దీనికి పి. పుల్లయ్య దర్శకుడు, డి.ఎల్. నారాయణ నిర్మాత. సంగీతం ఘంటసాల సమకూర్చాడు.

మూల నాటకం

ఈ నాటకం 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శింపబడింది. 1897లో అచ్చయింది. ఎంతో పెంచి తిరగరాసిన రెండవ కూర్పు 1909లో వెలువడింది. డబ్బు పుచ్చుకొని పసిపిల్లలను ముసలివారికి కట్టబెట్టే దురాచారం, దానివల్ల కలిగే బాలవైధవ్యం ఇందలి వస్తువు.

ముఖ్య పాత్రధారులు

* గిరీశం - ఎన్.టి. రామారావు
* మధురవాణి - సావిత్రి
* బుచ్చమ్మ - షావుకారు జానకి
* రామప్పంతులు - సి.ఎస్.ఆర్. ఆంజనేయులు
* లుబ్ధావధానులు - గోవిందరాజుల సుబ్బారావు
* సౌజన్యారావు - గుమ్మడి

ప్రేక్షకుల స్పందన

నాటకం చదివి సినిమా చూసేవారికి గిరీశం పాత్ర వద్దనే చిక్కు ఎదురవుతుంది. మాటకారితనంతో నవ్విస్తూనే అతడు బాలవితంతువైన బుచ్చమ్మను మభ్యపెట్టి లేవదీసుకుపోతాడు. నాటకం చివర సౌజన్యారావు అతని నిజస్వరూపం తెలుసుకొని, బుచ్చమ్మను పూనాలోని వితంతు శరణాలయానికి పంపే ఏర్పాటు చేస్తాడు. అభిమాన కథానాయకుడే గిరీశమైనప్పుడు ప్రేక్షకుడు అతని తప్పును తేలికగా మన్నిస్తాడు. అప్పుడు వ్యంగ్యం పలచబడి, బుచ్చమ్మకు జరిగిన అన్యాయం మరుగున పడుతుంది.

మధురవాణి విషయంలో ఇటువంటి చిక్కు లేదు. పెద్దమనుషులుగా చలామణీ అయ్యేవారి కంటే వేశ్యకే వివేకమూ దయా ఎక్కువని నాటకం చూపింది. సావిత్రి నటనలో ఆ చురుకుదనం, దాని వెనుక దాగిన వేదన రెండూ కనిపిస్తాయి.