ప్రాక్సీ, బహుళ ప్రొఫైళ్ల బ్రౌజర్: అమరిక, ఉపయోగం, జాగ్రత్తలు

అంతర్జాలానికి కలిసిన ప్రతి కనెక్షనుకూ ఒక సంఖ్యారూప చిరునామా ఉంటుంది. దానిని ఐ.పి. చిరునామా అంటారు. ఏ వెబ్‌సైటును తెరిచినా ఈ చిరునామా ఆ సైటుకు తెలుస్తుంది. లేనిచో అడిగిన పుటను ఎక్కడికి పంపవలెనో దానికి తెలియదు. ఈ రాకపోకల నడుమ నిలిచే మధ్యవర్తి కంప్యూటరే ప్రాక్సీ. కక్షిదారు తరఫున వకాలతు పుచ్చుకొన్న వకీలు న్యాయస్థానంలో నిలిచినట్లు, వినియోగదారు తరఫున ప్రాక్సీ వెబ్‌సైటు ఎదుట నిలుస్తుంది. సైటుకు కనిపించేది ప్రాక్సీ చిరునామా మాత్రమే. అయితే వకీలుకు తన కక్షిదారు ఎవరో తెలిసినట్లే, ప్రాక్సీ యజమానికి అసలు వినియోగదారు చిరునామా తెలిసే ఉంటుంది.

బ్రౌజర్ వేలిముద్ర

చిరునామా మారినంత మాత్రాన గుర్తింపు మారదు. తెర కొలత, అక్షరరూపాలు, భాష, గడియారపు మండలం, బొమ్మలు గీసే చిప్పు తీరు మొదలైన వివరాలను బ్రౌజర్ ప్రతి సైటుకూ తెలియజేస్తుంది. వీటన్నిటినీ కలిపి చూస్తే ఒక కంప్యూటరును మరొకదాని నుండి వేరుచేయవచ్చు. దీనినే బ్రౌజర్ వేలిముద్ర అంటారు. అమెరికాలోని ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ 2010లో సుమారు 4,70,000 బ్రౌజర్లను పరిశీలించగా, వాటిలో 83.6 శాతం వేటికవే ప్రత్యేకంగా కనిపించాయి.

ఈ వేలిముద్రను మార్చి చూపడానికి పుట్టినదే యాంటీ డిటెక్ట్ బ్రౌజర్. మల్టీలాగిన్, గోలాగిన్, యాడ్స్‌పవర్ వంటివి ఈ కోవకు చెందినవి. ఇందులో ఒకే కంప్యూటరుపై అనేక ప్రొఫైళ్లను సృష్టించవచ్చు. ఒక్కొక్క ప్రొఫైలుకు వేరు కుకీలు, వేరు వేలిముద్ర, వేరు ప్రాక్సీ ఉంటాయి. అనేకమంది ఖాతాదారుల ప్రకటనలను నిర్వహించే సంస్థలు, వివిధ దేశాలలో తమ సైటు ఎలా కనిపిస్తున్నదో పరీక్షించేవారు దీనిని వాడుతారు. దొంగ ఖాతాలు నడిపేవారు కూడ దీనినే వాడుతారు. ఒక వ్యక్తికి ఒకే ఖాతా అని నియమం పెట్టిన సైట్లు ఇటువంటి వాడకాన్ని పసిగట్టినచో ఖాతాలన్నింటినీ మూసివేయవచ్చు.

ప్రాక్సీ రకాలు

డేటా సెంటర్ ప్రాక్సీ పెద్ద సర్వర్ల గదులలో ఉంటుంది. వేగం ఎక్కువ, ధర తక్కువ. కాని ఆ చిరునామా ఇంటిది కాదని సైట్లు సులభంగా గ్రహిస్తాయి. రెసిడెన్షియల్ ప్రాక్సీ ఎవరో ఒక గృహస్థుని కనెక్షను గుండా పోతుంది. మొబైల్ ప్రాక్సీ సెల్‌ఫోను నెట్‌వర్కు గుండా పోతుంది. అక్కడ అనేక ఫోన్లు ఒకే బయటి చిరునామాను పంచుకొంటాయి.

మాట్లాడే పద్ధతిని బట్టి రెండు తరగతులు ముఖ్యమైనవి. హెచ్.టి.టి.పి. ప్రాక్సీ ప్రధానంగా వెబ్ పుటల కొరకు ఏర్పడినది. 1996లో ప్రమాణంగా వెలువడిన సాక్స్5 ఏ తరహా సమాచారాన్నైనా చేరవేయగలదు.

అమర్చే క్రమం

1. కొత్త ప్రొఫైలు తెరిచి, గుర్తుండే పేరు పెట్టవలెను.

2. ప్రాక్సీ విభాగంలో రకాన్ని ఎంచుకోవలెను. విక్రేత సాక్స్5 ఇచ్చినచో సాక్స్5నే ఎంచుకోవలెను.

3. సర్వరు చిరునామా, పోర్టు సంఖ్య, వాడుకరి పేరు, సంకేతపదం నింపవలెను. ఈ నాలుగింటిని విక్రేతలు తరచు కోలన్ గుర్తులతో విడదీసి ఒకే వరుసలో ఇస్తారు.

4. పరీక్ష బొత్తాము నొక్కి, బయటికి కనిపించే చిరునామా, దేశం సరిపోయినవో లేవో చూడవలెను.

5. గడియారపు మండలం, భాష ప్రాక్సీ ఉన్న చోటికి తగినట్లు ఉండవలెను. భారతదేశమంతటికీ ఒకే కాలమానం గనుక సిరొంచలోనైనా బరంపురంలోనైనా ఈ చిక్కు రాదు. కాని ప్రాక్సీ సింగపూరుదై గడియారం భారతదేశానిదైతే రెండున్నర గంటల తేడా బయటపడుతుంది.

6. వెబ్ ఆర్.టి.సి. అనే సౌకర్యం వీడియో సంభాషణల కొరకు ఉన్నది. అది ప్రాక్సీని దాటి అసలు చిరునామాను వెల్లడించగలదు గనుక దాని అమరికను సరిచూడవలెను.

7. సైటు పేరును సంఖ్యగా మార్చే డి.ఎన్.ఎస్. విచారణ కూడ ప్రాక్సీ ద్వారానే పోవునట్లు చూడవలెను.

సాధారణ లోపాలు

407 అనే సంఖ్య కనిపిస్తే వాడుకరి పేరు లేదా సంకేతపదం ప్రాక్సీకి అందలేదని, లేదా తప్పని అర్థం. ఎంతసేపటికీ జవాబు రాకపోతే పోర్టు తప్పై ఉండవచ్చు, లేదా గడువు ముగిసి ఉండవచ్చు. కొందరు విక్రేతలు సంకేతపదానికి బదులు ఇంటి చిరునామాను నమోదు చేసుకొంటారు. రౌటరును ఆపి వేసినప్పుడు ఆ చిరునామా మారి, ప్రాక్సీ తలుపు మూసుకొనవచ్చు.

ఐ.పి. చిరునామా చూపే ఊరు కచ్చితమైనది కాదు. హోసూరులోని కనెక్షను బెంగళూరుదిగా కనిపించినా ఆశ్చర్యపడనక్కరలేదు. ఆ నెట్‌వర్కు ఎక్కడ బయటి అంతర్జాలంలో కలుస్తుందో ఆ చోటే తరచు కనిపిస్తుంది.

గృహస్థులకు ముప్పు ఎక్కడ?

రెసిడెన్షియల్ ప్రాక్సీలకు ఇళ్ల కనెక్షన్లు కావలెను. అవి కొన్ని గృహస్థుల అంగీకారంతోను, కొన్ని వారికి తెలియకుండాను చేరుతాయి. 2024 మేలో అమెరికా న్యాయశాఖ 911 ఎస్5 అనే ప్రాక్సీ జాలాన్ని భగ్నం చేసినట్లు ప్రకటించింది. ఉచిత వి.పి.ఎన్. ప్రోగ్రాములను దించుకొన్నవారి కంప్యూటర్లే అందులో సరుకుగా మారాయి. దాదాపు 200 దేశాలకు చెందిన 1 కోటి 90 లక్షలకు పైగా చిరునామాలు ఆ జాలంలో ఉన్నాయి.

ఇంటి కనెక్షను గుండా మరొకడు మోసం చేస్తే, విచారణలో ముందుగా బయటపడేది ఆ ఇంటి చిరునామాయే. కావున "కంప్యూటరు ఆన్ చేసి ఉంచండి, నెలకు ఇంత ఇస్తాము" అనే ఆశలకు, ఖాతాలు అద్దెకివ్వమనే పిలుపులకు దూరంగా ఉండడం శ్రేయస్కరం. ఉచిత ప్రాక్సీ గుండా బ్యాంకు పని చేయరాదు. ప్రాక్సీవారు ఏదైనా సర్టిఫికెట్టును స్థాపించమని అడిగితే నిరాకరించవలెను; దానితో తాళం వేసి ఉన్న సమాచారాన్ని కూడ వారు చదవగలరు.

చట్టం

ప్రాక్సీ వాడకం తనంతట నేరం కాదు. పరుల సంకేతపదాన్ని మోసంతో వాడితే సమాచార సాంకేతిక చట్టం 66సి సెక్షను, కంప్యూటరు ద్వారా పరుని వేషంలో మోసగిస్తే 66డి సెక్షను వర్తిస్తాయి. రెంటికీ మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా కలవు.

డబ్బు పోయినచో వెంటనే 1930కు ఫోను చేయవలెను. ఈ సంఖ్య అన్ని రాష్ట్రాలకూ ఒక్కటే. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం, విచారణార్హమైన నేరం ఏ ప్రాంతంలో జరిగినా ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. మోసం ఏ రాష్ట్రంలో జరిగిందో తేలని సరిహద్దు గ్రామాలవారికి ఇది గుర్తుంచుకోదగిన హక్కు.

ఇంటికి సరిపోయేది

ఒకే కంప్యూటరును నలుగురు వాడే ఇంటికి యాంటీ డిటెక్ట్ బ్రౌజర్ అవసరం లేదు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లలో ప్రొఫైళ్ల సదుపాయం ఉచితంగానే ఉన్నది. తండ్రి బ్యాంకు పనికి ఒకటి, పిల్లల చదువుకు ఒకటి ఏర్పరిస్తే కుకీలు, సంకేతపదాలు కలిసిపోవు. అయితే ఈ ప్రొఫైళ్ల నడుమ తాళం ఉండదు. ఒకరిది మరొకరు తెరవకూడదనుకొంటే కంప్యూటరులోనే వేర్వేరు వాడుకరి ఖాతాలను, వాటికి సంకేతపదాలను ఏర్పరచుకోవలెను.